బైబిలు పఠనం నిత్య అలవాటుగా మారాలంటే: కొత్త విశ్వాసులకు కొన్ని సూచనలు

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగించుకొని, బైబిలు వచనం రాసి ఉండే వాగ్దాన కార్డుతో ఇల్లు చేరిన విశ్వాసులలో చాలామంది మరునాటి ఉదయమే ఆదికాండము మొదటి అధ్యాయం తెరుస్తారు. ఏడాదిలో బైబిలు మొత్తం పూర్తి చేయాలన్నది వారి తీర్మానం. నోవహు, అబ్రాహాము, యోసేపుల చరిత్రలతో మొదటి రెండు మూడు వారాలు సాఫీగా గడిచిపోతాయి. ఐగుప్తు తెగుళ్లు, ఎర్ర సముద్రం దాటడం కూడా ఆసక్తిగానే చదువుతారు. నిర్గమకాండము 25వ అధ్యాయం నుండి ఇశ్రాయేలీయులు ఆరాధనకు వాడిన ప్రత్యక్షపు గుడారపు కొలతలు మొదలవుతాయి. ఆ పైన లేవీయకాండములో మొదటి ఏడు అధ్యాయాలూ బలుల నియమాలే. రోజుకు మూడు అధ్యాయాల చొప్పున చదివేవారు ఫిబ్రవరి మొదటి వారానికి అక్కడికి చేరుకుంటారు, చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగిపోయినవారు తమలో భక్తి చాలలేదని బాధపడి, మళ్ళీ వచ్చే డిసెంబరు వరకు ఆ ఊసెత్తరు. వారి భక్తిని శంకించవలసిన అవసరం లేదు. ప్రారంభించిన చోటు, రోజుకు పెట్టుకున్న మోతాదు, ఈ రెండూ కొత్తవారికి తగినవి కావు.

ఇటీవల బాప్తిస్మం పొందినవారు, సంఘంలో ఇప్పుడిప్పుడే అడుగుపెట్టినవారు, క్రైస్తవ కుటుంబంలోనే పుట్టి పెరిగినా ఆదివారం వాక్యం వినడమే తప్ప స్వయంగా చదవని వారు, వీరందరినీ దృష్టిలో ఉంచుకొని ఈ సూచనలు రాస్తున్నాను. చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్కటే: అక్కడొక వచనం ఇక్కడొక వచనం కాకుండా, ఒక చిన్న పుస్తకాన్ని ఎంచుకొని, మొదటి నుండి చివరి వరకు, రోజుకు కొద్దికొద్దిగా, ఒకే వేళలో చదవండి.

బైబిలు ఒకే బిగిని చదవడానికి రాసిన ఒక్క పుస్తకం కాదని మొదట గ్రహించాలి. ప్రొటెస్టెంటు సంఘాలు వాడే బైబిలులో పాత నిబంధన పుస్తకాలు 39, కొత్త నిబంధన పుస్తకాలు 27, మొత్తం 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు ఉన్నాయి. కతోలిక బైబిలులో 73 పుస్తకాలు ఉంటాయి. ఇవి రాసిన కాలాన్ని బట్టి వరుసగా కూర్చినవి కావు. ధర్మశాస్త్రం, చరిత్ర, కావ్యం, ప్రవచనం, సువార్త (యేసు జీవిత వృత్తాంతం), పత్రిక (ఉత్తరం) అంటూ చాలావరకు రకాలను బట్టి కూర్చినవి. అందువల్ల మొదటి పేజీ నుండే మొదలుపెట్టాలన్న నియమం ఎక్కడా లేదు. మార్కు 2:1–12 అని ఎక్కడైనా కనిపిస్తే మార్కు సువార్త, 2వ అధ్యాయం, 1వ వచనం నుండి 12వ వచనం వరకు అని అర్థం. ఆ పుస్తకం ఎక్కడుందో తెలియకపోతే ముందున్న విషయసూచిక చూడండి. ఆరాధనలో పక్కవారు చకచకా పేజీలు తిప్పుతుంటే కొత్తవారికి సిగ్గుగా అనిపించవచ్చు, కానీ వారూ ఒకప్పుడు విషయసూచిక చూసే నేర్చుకున్నారు.

ప్రారంభానికి మార్కు సువార్త అన్నిటికంటే అనువైనదని నా అభిప్రాయం. నాలుగు సువార్తల్లో అతి చిన్నది అదే, 16 అధ్యాయాలు. కొత్త నిబంధన తెరవగానే ముందుగా కనిపించేది మత్తయి సువార్త అయినా, అది అబ్రాహాము నుండి యేసు వరకు సాగే వంశావళితో మొదలవుతుంది. యూదుల చరిత్ర తెలిసినవారికి ఆ పేర్లలో ఎంతో అర్థం ఉంది గానీ, కొత్తవారికి మొదటి పదిహేడు వచనాలే అడ్డుగోడ కావచ్చు. మార్కు అలా కాకుండా నేరుగా విషయంలోకి వెళ్తాడు. మొదటి అధ్యాయం ముగియక ముందే యేసు బాప్తిస్మం, అరణ్యంలో శోధన, జాలరులను పిలవడం, కపెర్నహూములో స్వస్థతలు అన్నీ వచ్చేస్తాయి. వీలైతే ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఆ సువార్త మొత్తాన్ని ఒకసారి ఏకబిగిన చదవండి. ఇంచుమించు గంటన్నర పడుతుంది. అర్థం కానివాటి దగ్గర ఆగవద్దు. కథ ఎక్కడ మొదలై ఎటు సాగిందో, పదకొండవ అధ్యాయంలో యెరూషలేము చేరిన తరువాత ఆ చివరి వారానికి మార్కు ఎంత చోటిచ్చాడో ఒక్కసారి చూసిన తరువాత, మరునాటి నుండి చిన్న చిన్న భాగాలుగా చదవడం మొదలుపెడితే ప్రతి భాగమూ తన స్థానంలో అర్థమవుతుంది.

రోజుకు ఎంత చదవాలి? అర అధ్యాయం చాలు. ఒక సంఘటన లేదా ఒక ఉపమానం పూర్తయ్యే చోట ఆపండి. అధ్యాయం చివరే ఆపాలన్న నియమం లేదు. ఇప్పుడు మనం వాడే అధ్యాయ విభజన 13వ శతాబ్దపు తొలినాళ్ళలో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఆంగ్ల మతాచార్యుడు చేసినదని చెబుతారు. కొత్త నిబంధనలో ఇప్పుడున్న వచన సంఖ్యలను రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో ప్రవేశపెట్టాడు. వెతుక్కోవడానికి వీలుగా తరువాత చేసిన ఏర్పాటే గనుక, మాట మధ్యలో ఉండగా అధ్యాయం ముగిస్తే ఇంకొక నాలుగు వచనాలు ముందుకు వెళ్ళవచ్చు. పది పదిహేను నిమిషాలకు మించకుండా చూసుకోండి. మొదటి వారంలో ఉత్సాహం కొద్దీ గంటసేపు చదివినవారికి, రెండవ వారంలో గంట ఖాళీ దొరకని రోజు అసలు చదవకుండా మానేయడం తేలికైపోతుంది.

ఎంత చదవాలన్నదానికంటే ఎప్పుడు చదవాలన్నదే అలవాటును నిలబెడుతుంది. తీరిక దొరికినప్పుడు చదువుదామనుకుంటే ఆ తీరిక దొరకదు. రోజూ తప్పకుండా చేసే ఒక పనికి ముందో వెనుకో ఈ పఠనాన్ని జతచేయండి: ఉదయం కాఫీ తాగిన వెంటనే, పిల్లలు బడికి వెళ్ళి ఇల్లు కాస్త సద్దుమణిగిన తరువాత, కాలేజీ బస్సు ఎక్కి కూర్చున్న వెంటనే, రాత్రి భోజనమై గిన్నెలు సర్దిన తరువాత. తెల్లవారుజామునే చదవాలని పెద్దలు చెప్పడానికి ఆధారం లేకపోలేదు. మార్కు 1:35లో, ముందునాటి సాయంత్రం పట్టణమంతా వాకిట గుమిగూడి అలసిపోయేంత పని జరిగిన తరువాత కూడా, యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్ళి ప్రార్థించినట్టు చదువుతాం. అయినా రాత్రి డ్యూటీ చేసి ఉదయం ఆరింటికి ఇల్లు చేరే నర్సు, నాట్ల కాలంలో చీకటితోనే పొలానికి వెళ్ళే కూలీ తెల్లవారుజామున చదవలేకపోతున్నామని అపరాధభావం పెంచుకోకూడదు. వారికి మధ్యాహ్నమో, సాయంత్రమో నిర్ణీత వేళ ఉంటే అదే వారి ఉదయం. వేళతో పాటు చోటు కూడా ఒకటే ఉండడం మంచిది. బైబిలు, ఒక నోటుపుస్తకం, పెన్ను ఎప్పుడూ అక్కడే ఉంచండి. అల్మారా పై అరలో గుడ్డ చుట్టి భద్రపరిచిన బైబిలును, రక్షణ కోసమని దిండు కింద పెట్టుకున్న బైబిలును గౌరవంతోనే అలా ఉంచుతారని తెలుసు; అయితే దాన్ని తీసి చదివితేనే కదా దానిలోని మాట మనకు చేరేది.

ఫోనులో చదవవచ్చా అని చాలామంది అడుగుతారు. చదవవచ్చు. యూవర్షన్ బైబిల్ యాప్‌లో తెలుగు అనువాదాలు ఉచితంగా లభిస్తాయి, పఠన ప్రణాళికలూ ఉంటాయి. కాకపోతే ఫోను చేతిలోకి తీసుకున్న క్షణం నుండి వాట్సాప్ సందేశాలు పిలుస్తుంటాయి గనుక, ఫోనులోనే చదివేవారు ఆ పదిహేను నిమిషాలూ ఇంటర్నెట్ ఆపివేయడం మంచిది. మొదటి కొన్ని నెలలు అచ్చు పుస్తకంలో చదవడమే నేను సూచిస్తాను. ఒక వచనం పేజీలో ఎక్కడ ఉందో కళ్ళకు గుర్తుండిపోవడం, ఎంత చదివామో చేతికి తెలియడం కొత్తవారికి ఎంతో సాయపడతాయి.

అనువాదం విషయంలో ఒక మాట. మన సంఘాల్లో ఎక్కువగా వినిపించేది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచురించే పాత అనువాదం. పాస్టరుగారు ప్రసంగంలో చదివేది, పెద్దలు కంఠతా చెప్పేది అదే కాబట్టి అది ఇంట్లో ఉండాలి. కానీ గ్రాంథిక భాష అలవాటు లేని యువతకు, ముఖ్యంగా ఇంగ్లీషు మీడియంలో చదివినవారికి, వాక్యం పూర్తయ్యేసరికి మొదలు మరచిపోయే పరిస్థితి వస్తుంది. అటువంటివారు వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పక్కన ఉంచుకొని, ముందు అందులో చదివి, తరువాత అదే భాగాన్ని పాత అనువాదంలో చదవాలి. కొన్ని నెలలకు పాత అనువాదపు లయ దానంతట అదే పట్టుబడుతుంది. సులువైన భాషలో చదవడం భక్తికి తక్కువ అనే మాట ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

ఇక చదివే పద్ధతికి వద్దాం. ముందుగా చిన్న ప్రార్థన చేయండి. సొంత మాటలు రాకపోతే 119వ కీర్తన 18వ వచనమే ప్రార్థనగా చదవవచ్చు, అది ధర్మశాస్త్రంలోని ఆశ్చర్యమైన సంగతులు చూడగలిగేలా తన కన్నులు తెరవమని దేవుణ్ణి అడిగే వచనం. తరువాత ఆ రోజు భాగాన్ని ఒకసారి పైకి, వినిపించేటట్టు చదవండి. కళ్ళతో మాత్రమే చదివినప్పుడు దాటిపోయే మాటలు చెవికి తగులుతాయి. రెండవసారి నెమ్మదిగా చదువుతూ మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇక్కడ ఎవరు ఏమి చేశారు, ఏమి మాట్లాడారు? ఇందులో దేవుని గురించి, యేసు గురించి నాకు ఏమి తెలిసింది? ఈ రోజు నేను నమ్మవలసినది గానీ చేయవలసినది గానీ ఏమైనా ఉందా? మూడవ ప్రశ్నకు ప్రతిరోజూ జవాబు దొరకాలన్న పట్టుదల అవసరం లేదు. మొదటి ప్రశ్నను దాటవేసి మూడవదానికి పరుగెత్తడం వల్లనే వాక్యంలో లేని అర్థాలు పుట్టుకొస్తాయి.

మార్కు 2:1–12 తీసుకుందాం. కపెర్నహూములో ఒక ఇల్లు, వాకిట కూడా నిలబడడానికి చోటు లేనంత జనం. పక్షవాయువు గల ఒకణ్ణి నలుగురు మోసుకొచ్చారు. లోపలికి వెళ్ళే దారి లేక పైకెక్కి, కప్పు విప్పి, పరుపుతో సహా అతణ్ణి దింపారు. ఇంతవరకు కథ మనకు సండే స్కూలు నుండి తెలిసినదే. ఇప్పుడు నెమ్మదిగా చూడండి. యేసు ఎవరి విశ్వాసం చూశాడని మార్కు రాశాడు? వారి విశ్వాసం, అంటే మోసుకొచ్చినవారిని కూడా కలిపి. ఆ రోగి నోటివెంట ఒక్క మాటైనా వచ్చిందా? ఈ భాగంలో రాలేదు. యేసు మొదట అన్న మాట ఏమిటి? లేచి నడువు అని కాదు, పాపాలు క్షమించబడ్డాయని. అక్కడ కూర్చున్న శాస్త్రులు పైకి అనకుండా మనసులోనే ఆక్షేపించారు: పాపాలు క్షమించడానికి దేవునికి తప్ప ఇంకెవరికి అధికారం ఉంది అని. కంటికి కనబడని ఆ క్షమాపణ నిజమని తెలియడానికే, కంటికి కనబడే స్వస్థత జరిగింది. పది నిమిషాల్లో ఇంత చూడవచ్చు. నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాసుకుంటే చాలు: "యేసు శరీరానికంటే ముందు పాపం సంగతి చూశాడు. కదలలేని నా స్నేహితుణ్ణి నేను మోసుకొని వెళ్ళగలనా?" ఈ రెండవ వాక్యమే ఆ రోజు ప్రార్థనగా మారుతుంది. తేదీ వేసి రాసుకోండి, అర్థం కానివాటికి ప్రశ్నార్థకం పెట్టండి. శాస్త్రులంటే ఎవరు, మనుష్యకుమారుడని యేసు తన్ను తాను ఎందుకు పిలుచుకున్నాడు వంటి ప్రశ్నలు అక్కడ పోగవనివ్వండి.

వాగ్దాన కార్డుల గురించి ఇక్కడ చెప్పడం అవసరం. కొత్త సంవత్సరపు ఆరాధనలో కార్డు తీసుకోవడం మన సంఘాల్లో చాలామందికి ప్రియమైన ఆచారం. దాన్ని తీసుకోవద్దని అనను, కానీ కార్డు మీది వచనాన్ని బైబిలులో తెరిచి దాని ముందు వెనుకలు చదవడం అలవాటు చేసుకోండి. యిర్మీయా 29:11 తరచుగా వచ్చే వచనం. తన ప్రజల విషయమై దేవుని ఉద్దేశాలు హానికరమైనవి కావని, వారికి నిరీక్షణ ఇచ్చేవని చెబుతుంది. ఆ అధ్యాయం మొత్తం బబులోనుకు చెరగా వెళ్ళినవారికి యిర్మీయా యెరూషలేము నుండి పంపిన ఉత్తరాల సంగతి. దానికి ముందు వచనమే డెబ్బై సంవత్సరాలు గడిచిన తరువాత వారిని తిరిగి రప్పిస్తానంటుంది. అంతవరకు అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని ఐదవ వచనం నుండి ఏడవ వచనం వరకు ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది తిరుగు ప్రయాణాన్ని కళ్ళారా చూసి ఉండరు. ఇదంతా తెలిసిన తరువాత ఆ వచనం చిన్నదైపోదు; ఉద్యోగం రాని సంవత్సరంలో, జబ్బు తగ్గని సంవత్సరంలో కూడా పట్టుకోగలిగినంత బలంగా నిలబడుతుంది. కళ్ళు మూసుకొని ఏదో ఒక పేజీ తెరిచి, వేలు పెట్టిన వచనాన్ని ఆ రోజు జవాబుగా తీసుకునే పద్ధతిని మాత్రం పూర్తిగా మానుకోమని గట్టిగా చెబుతున్నాను.

చదవని రోజులు వస్తాయి. పెళ్ళిళ్ళు, పరీక్షలు, జ్వరాలు, ప్రయాణాలు ఎవరికీ తప్పవు. నాలుగు రోజులు తప్పితే ఐదవ రోజున ఐదు రోజుల భాగాలూ కలిపి చదవాలని కూర్చోకండి, ఆగిన చోటి నుండి ఆ రోజు భాగం మాత్రం చదవండి. తేదీల వారీగా ముద్రించిన ప్రణాళికలు కొత్తవారిని ఈ విషయంలోనే కుంగదీస్తాయి. వెనుకబడిన లెక్క రోజూ కనిపిస్తుంటే పుస్తకం తెరవడానికే వెనుకాడతారు. మొదటి సంవత్సరం తేదీలు లేకుండా, చదివిన అధ్యాయం పక్కన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. చదవాలనే మనసే లేని రోజుల కోసం కీర్తనలు ఉన్నాయి. 13వ కీర్తన ఆరే వచనాలు, ఎంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్ణే అడుగుతూ మొదలవుతుంది. 88వ కీర్తన చీకటి గురించిన మాటతోనే ముగుస్తుంది. మనసు బాగాలేని రోజున చదవడానికి అర్హత లేదనుకునేవారు ఈ రెండు కీర్తనలు చదివి చూడండి.

ఒంటరిగా చదివే అలవాటు త్వరగా సన్నగిల్లుతుంది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుల రాణి కొలువులోని ఒక పెద్ద అధికారి యెరూషలేములో ఆరాధించి తిరిగి వెళ్తూ, రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతుంటాడు. అర్థమవుతున్నదా అని సువార్త ప్రకటించే ఫిలిప్పు అడిగితే, త్రోవ చూపేవారు లేకుండా ఎలా అర్థమవుతుందని అతడు తిరిగి అడిగి, ఎక్కి తన పక్కన కూర్చోమన్నాడు. అంత హోదా గలవాడే అడిగినప్పుడు మనం అడగడానికి సంకోచించనవసరం లేదు. నోటుపుస్తకంలో ప్రశ్నార్థకాలు పెట్టిన చోట్లను ఆదివారం ఆరాధన తరువాత పాస్టరుగారినో, పాస్టరమ్మగారినో, సండే స్కూలు టీచరునో అడగండి. స్నేహితులు ఇద్దరు కలిసి ఒకే పుస్తకం చదువుతూ, ఏ రోజు ఏ భాగం చదివారో ఒక్క వాక్యంలో పంపుకోవడం మంచి ఏర్పాటు. రాత్రి కుటుంబ ప్రార్థన ఉన్న ఇళ్ళలో ఆ రోజు భాగాన్ని పిల్లలతో వంతులవారీగా చదివించండి.

చదువు రానివారు ఈ అలవాటుకు దూరమని ఎవరూ అనుకోకూడదు. ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయం మూడవ వచనం చదివేవాణ్ణీ వినేవారినీ కలిపే ధన్యులంటుంది. తొలి సంఘాల్లో పత్రికలను ఒకరు చదివితే తక్కినవారు వినేవారు. అక్షరాలు రాని నాయనమ్మకు మనవరాలు రోజూ పది నిమిషాలు చదివి వినిపిస్తే, ఇద్దరి పఠనమూ ఒకేసారి జరుగుతుంది. తెలుగులో ఆడియో బైబిలు కూడా ఫోనులో ఉచితంగా దొరుకుతుంది. గల్ఫ్ దేశాల్లో ఇళ్ళలో పనిచేసే మన స్త్రీలకు, పుస్తకం తెరిచి కూర్చునే వీలు లేనివారికి, వంట చేస్తూ వినడమే పఠనం. వినేవారు కూడా ఒకే పుస్తకాన్ని వరుసగా వినాలి, ఒక అధ్యాయాన్ని రెండుసార్లు వినాలి.

వారానికి ఒక వచనం, దాని అధ్యాయ వచన సంఖ్యలతో సహా కంఠతా పట్టండి. ఆరు వచనాల 23వ కీర్తన ఆరు వారాల్లో వచ్చేస్తుంది.

మార్కు తరువాత లూకా సువార్త, ఆ వెంటనే అపొస్తలుల కార్యములు చదవండి. ఈ రెండూ థెయొఫిలా అనే వ్యక్తిని సంబోధించి ఒకరే రాసినవి కాబట్టి కథ తెగకుండా సాగుతుంది. మూడు పుస్తకాలూ కలిపి 68 అధ్యాయాలు; వారానికి ఐదు అధ్యాయాలకు చేరుకున్నవారు పద్నాలుగు వారాల్లో ముగించగలరు. కొత్త నిబంధన మొత్తం 260 అధ్యాయాలు గనుక అదే వేగంతో ఏడాదికి సరిగ్గా సరిపోతుంది, వారానికి రెండు రోజులు విడుపు కూడా ఉంటుంది. పత్రికల్లో ముందుగా ఫిలిప్పీయులకు, యాకోబు, 1 యోహాను చదివి, రోమీయులకు రాసిన పత్రికను కొంత అనుభవం వచ్చిన తరువాత, వీలైతే సంఘంలో ఒకరితో కలిసి చదవడం మేలు. ప్రకటన గ్రంథంతో మాత్రం మొదలుపెట్టకండి. పాత నిబంధన ప్రవక్తల భాష తెలియనిదే అందులోని సంకేతాలు భయాన్నో, ఊహాగానాన్నో పుట్టిస్తాయి.

ఏడాదిలో బైబిలు మొత్తం చదవాలన్న కోరిక మంచిదే, దానికి రెండవ సంవత్సరమో మూడవ సంవత్సరమో సమయం. స్కాట్లాండులోని డండీ పట్టణంలో సంఘ కాపరిగా ఉన్న రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం తయారుచేసిన ప్రణాళిక నేటికీ వాడుకలో ఉంది. దాని ప్రకారం ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తవుతాయి. ఆ ప్రణాళిక వల్ల రాగల ప్రమాదాలను కూడా ఆయనే రాసిపెట్టారు: మొక్కుబడిగా చదవడం, చదివామని స్వనీతికి, అంటే తామే నీతిమంతులమన్న గర్వానికి లోనుకావడం, అజాగ్రత్తగా పేజీలు దాటడం, కొందరికి అది మోయలేని కాడిగా మారడం. ఎవరైనా పూర్తి ప్రణాళిక మొదలుపెట్టే ముందు ఆ నాలుగింటినీ తమ నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలని నా సలహా.

పాత నిబంధనకు వచ్చినప్పుడు ఆదికాండము పూర్తిగా, నిర్గమకాండము 20వ అధ్యాయం వరకు, తరువాత రూతు, 1, 2 సమూయేలు, యోనా చదివితే కథ చేతికి అందుతుంది. నిర్గమకాండము 12లోని, ఐగుప్తు నుండి విడుదలకు గుర్తైన పస్కా పండుగను చదివిన రోజునే మార్కు 14లోని చివరి భోజనాన్ని మళ్ళీ చదవండి. ఇక ఎందరినో ఆపేసిన లేవీయకాండమును ఒంటరిగా ఎదుర్కోవద్దు, పక్కన హెబ్రీయులకు రాసిన పత్రిక తెరిచి ఉంచుకోండి. లేవీయకాండము 16లో ప్రధానయాజకుడు ఏడాదికి ఒక్కసారి రక్తంతో అడ్డతెర లోపలికి వెళ్ళే విధానం మొదట చదివి, వెంటనే హెబ్రీ 9వ అధ్యాయం చదివితే, ఆ నియమాలన్నీ ఎవరి కోసం ఎదురుచూశాయో ఆ పత్రికే వివరిస్తుంది.